కవల పెయ్య ఎందుకు చూడి కట్టదు

చీడికాడ వైపు ఏ ఊళ్ళోనైనా జెర్సీ ఆవు ఒకే ఈతలో కోడెదూడనీ పెయ్యనీ వేసిందంటే ఆ సాల ముందు చిన్న జాతరే. చుట్టుపక్కల వాళ్ళు చూడ్డానికి వస్తారు, జున్ను పంచుతారు. కోడె సంగతి ఎలా ఉన్నా, పెయ్య పుట్టిందంటే రెండున్నరేళ్ళలో ఇంటికి ఇంకో పాడి వచ్చినట్టే లెక్క. ఆ లెక్కతోనే దానికి పాలు ఎక్కువ వదులుతారు, దాణా పెడతారు, చెరకు కొట్టే రోజుల్లో పచ్చి ఆకు ముందు దాని ముందరే పడేస్తారు. ఏడాది దాటుతుంది, రెండేళ్ళు దాటుతాయి. ఒళ్ళు నున్నగా, బలంగా తయారవుతుంది గానీ ఎదకు మాత్రం రాదు. నాటుమందులు, మొక్కుబడులు, సూదులు అన్నీ అయ్యాక ఎవరో ఒక పెద్దాయన అంటాడు: "కోడెతో కలిసి పుట్టింది కదరా, అది గొడ్డే."

ఆ పెద్దాయన చెప్పింది నూటికి తొంభై పాళ్ళు నిజం. కోడెదూడతో కవలగా పుట్టిన పెయ్యల్లో 100కి 90కి పైగా జన్మలో చూడి కట్టవు. ఇది శాపమూ కాదు, మేపులో లోపమూ కాదు. అది తల్లి కడుపులో పడ్డ రెండో నెలలోనే జరిగిపోయిన వ్యవహారం. పుట్టిన నెల రోజుల్లోపే దాన్ని పట్టుకోవచ్చు కూడా. పట్టుకోకపోవడం వల్లనే రెండేళ్ళ మేత దండగవుతోంది.

చీడికాడ మండలంలో ఆ దండగ చిన్నది కాదు. కోనాం జలాశయం కింద, బొడ్డేరు నీటి మీద వరి, చెరకు పండే ఈ నేల మీద చెరకు డబ్బు ఏడాదికి ఒకసారి కళ్ళ చూస్తారు. ఇల్లు రోజువారీగా నడిచేది పాలడబ్బుతో. ఒకప్పుడు విశాఖ జిల్లాలో ఉండి 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చిన ఈ మండలంలో చాలా ఇళ్ళకి ఉన్నది ఒకటో రెండో పశువులు. ఇరవై ఆవులున్న డెయిరీలో ఒకటి ఒట్టిపోతే లెక్కల్లో కలిసిపోతుంది. రెండే ఉన్న ఇంట్లో ఒకటి చూడి కట్టకపోతే సగం ఆదాయం పోయినట్టు.

కడుపులో ఏం జరుగుతుందో చూద్దాం. పిండం ఏర్పడిన తొలి వారాల్లో అది ఆడో మగో చూసి చెప్పలేం. ప్రతి పిండంలోనూ రెండు జతల నాళాలు ఉంటాయి. ఒక జత మగ అవయవాలుగా మారగలదు, మ్యులేరియన్ నాళాలనే ఇంకో జత అండనాళాలుగా, గర్భసంచిగా మారగలదు. మగ పిండంలో వృషణం తయారవగానే అది చేసే మొదటి పనుల్లో ఒకటి, ఆ ఆడ నాళాల్ని కరిగించెయ్యమని ఒక హార్మోన్‌ని వదలడం. దాని పేరు యాంటీ మ్యులేరియన్ హార్మోన్, పొట్టిగా ఎ.ఎం.హెచ్. ఆడ పిండంలో వృషణం లేదు కాబట్టి ఆ హార్మోన్ రాదు, నాళాలు పెరిగి గర్భసంచి అవుతాయి. అంటే గర్భసంచి పెరగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, అడ్డు చెప్పేవాడు లేకపోతే చాలు. ఈ సంగతిని 1947లో కుందేలు పిండాల మీద అతి సున్నితమైన శస్త్రచికిత్సలు చేసి ఫ్రెంచి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ జోస్ట్ నిరూపించాడు. వృషణాలు తీసేసిన మగ పిండాల్లో కూడా గర్భసంచే తయారైంది. ఇప్పుడు విశాఖలో సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్ళిన ఆడవాళ్ళకి అండాల నిల్వ చూడ్డానికి రాసే ఎ.ఎం.హెచ్. పరీక్ష ఈ హార్మోన్‌దే. పెద్దయ్యాక అండాశయం కూడా దాన్ని కొద్దికొద్దిగా తయారుచేస్తుంది.

ఆవు కడుపులో కవలలుంటే ఒక చిక్కు వస్తుంది. రెండు పిండాల మాయలూ పక్కపక్కనే పెరిగి, గర్భం మొదటి నెల దాటీ దాటకుండానే ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. అతుక్కున్న చోట రక్తనాళాలు కూడా కలిసిపోతాయి. ఇక అక్కణ్ణుంచి అన్న నెత్తురు చెల్లెలికీ, చెల్లెలి నెత్తురు అన్నకీ తిరుగుతూనే ఉంటుంది. మగ పిండం తన ఆడ నాళాల్ని కరిగించుకోవడానికి వదిలిన హార్మోన్ చెల్లెలి ఒంట్లోకీ చేరి అక్కడి నాళాల్నీ కరిగించేస్తుంది. అండాశయాలు ఎదగకుండా ముడుచుకుపోతాయి, కొన్నిట్లో వృషణం లక్షణాలు కూడా కనిపిస్తాయి. బయట మాత్రం మామూలు పెయ్యే. లోపల గర్భసంచి ఉండాల్సిన చోట సన్నటి తాడులాంటి కండ మిగులుతుంది.

ఇంగ్లీషులో ఫ్రీమార్టిన్ అని పిలిచే ఇలాంటి పెయ్యల మీద లండన్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ 1779లోనే రాయల్ సొసైటీకి ఒక పత్రం రాశాడు. కోసి చూసి లోపల ఏముందో వర్ణించాడు గానీ కారణం ఆయనకి అందలేదు. కారణం దొరకడానికి మరో 130 ఏళ్ళు పట్టింది. 1911లో వియన్నాలో టాండ్లర్, కెల్లర్ అనే ఇద్దరు, వాళ్ళతో సంబంధం లేకుండానే 1916లో షికాగో విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ లిల్లీ, ఇద్దరి నెత్తురూ కలవడమే అసలు సంగతి అని తేల్చారు. లిల్లీకి పిండాలు దొరికింది షికాగో కబేళాల్లో. అక్కడ రోజూ కోసే వేల ఆవుల్లోంచి కవలలున్న గర్భసంచుల్ని ఏరి తెప్పించుకుని ఆయన ఈ పని చేశాడు. నెత్తురులో ప్రయాణించే రసాయనాలే పిండాన్ని ఆడగానో మగగానో మలుస్తాయన్న ఊహకి తొలి గట్టి ఆధారం ఈ గొడ్డు పెయ్యే.

చదివేవాళ్ళకి వెంటనే ఒక అనుమానం వస్తుంది. మరి మన ఇళ్ళల్లో ఆడా మగా కవలలు పుడితే? ఏమీ కాదు. మనుషుల్లో వేరువేరు అండాల నుంచి వచ్చిన కవలల మాయలు పక్కపక్కనే ఉన్నా, వాటి రక్తనాళాలు సాధారణంగా కలవవు. గొర్రెలు, మేకలు రెండేసి మూడేసి పిల్లల్ని పెట్టినా ఈ చిక్కు ఎప్పుడోగానీ రాదు. ఇది ప్రధానంగా ఆవు తంటా. అందులోనూ విదేశీ రక్తం ఎక్కువైన ఆవుల్లో కవలలు ఎక్కువ, పాడి జాతుల్లో 100 ఈతల్లో ఒకటి నుంచి ఐదు దాకా. నాటు ఆవుల్లో ఇంకా తక్కువ, గేదెల్లో మరీ అరుదు. మన పెద్దవాళ్ళకి ఎప్పుడో ఒకసారి కనబడిన వింత, సంకర జాతులు వచ్చాక సాలల్లో అప్పుడప్పుడూ ఎదురవుతోంది. ఆడదూడలే పుట్టేలా వేరుచేసిన వీర్యం సూదులు ఇప్పుడు వస్తున్నాయి కాబట్టి, వాటితో కట్టిన ఆవుకి కవలలు పుట్టినా రెండూ పెయ్యలే అయ్యే అవకాశం ఎక్కువ. అలాంటి కవల పెయ్యలకి ఏ బెంగా లేదు.

ఇంకో మెలిక కూడా ఉంది. కొన్నిసార్లు కడుపులో కవల కోడె మధ్యలోనే చచ్చి కరిగిపోతుంది, పెయ్య ఒక్కటే పుడుతుంది. అప్పటికే నెత్తురు కలిసి ఉంటే అది కూడా గొడ్డే. ఒంటిగా పుట్టింది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

పరీక్ష సులువు. దూడకి రెండు మూడు వారాల వయసున్నప్పుడు పశువైద్యుడు మొన నున్నగా, గుండ్రంగా ఉన్న వేలు లావు గొట్టాన్ని శుభ్రం చేసి, జారుడు మందు రాసి, పెయ్య యోని మార్గంలోకి మెల్లగా, కాస్త పైకి చూపిస్తూ పోనిస్తాడు. మామూలు పెయ్యలో అది 12 నుంచి 15 సెంటీమీటర్ల దాకా అడ్డులేకుండా వెళ్తుంది. గొడ్డు పెయ్యలో 5 నుంచి 8 సెంటీమీటర్ల దగ్గరే గోడ తగిలినట్టు ఆగిపోతుంది. చూపుకి ఇంకో రెండు గుర్తులుంటాయి. మూత్రద్వారం కింది కొసన కుచ్చులా పొడుగు వెంట్రుకలు, మామూలు కంటే పెద్దదైన క్లిటోరిస్. అవి లేకపోయినంత మాత్రాన ధైర్యంగా ఉండటానికి లేదు. ఖాయంగా తేల్చాలంటే నెత్తురు పరీక్ష చెయ్యాలి, ఆడదూడ నెత్తురులో మగ కణాలు కనిపిస్తాయి. మన రైతుకి మాత్రం గొట్టం పరీక్షే చాలు. అది ఇంట్లో చేసే పని కాదు, పొడిచేస్తే లోపల చిరిగిపోతుంది.

ఆ మగ కణాల సంగతి వేరే ఒక కథలోకి తీసుకుపోయింది. అమెరికాలోని మేరీలాండ్‌లో ఒక ఆవుని గెర్న్సీ ఆంబోతుకి దాటించారు. అదేరోజు పక్కవాళ్ళ హియర్‌ఫర్డ్ ఆంబోతు కంచె దూకి వచ్చి దాన్ని మళ్ళీ దాటింది. పుట్టిన కవలల్లో ఒకటి ఒక తండ్రి పోలిక, రెండోది రెండో తండ్రి పోలిక. ఆ కవలల నెత్తురు విస్కాన్సిన్‌లో రే ఓవెన్ అనే శాస్త్రవేత్త పరీక్షకి చేరింది. తండ్రులు వేరైనా రెండు దూడల నెత్తురులోనూ ఇద్దరి కణాలూ ఉన్నాయి. కడుపులో కలిసిన కణాలు పుట్టాక కూడా ఒంట్లోనే కాపురం పెట్టి బతుకుతున్నాయన్నమాట. పరాయి కణాన్ని చూస్తే ఒళ్ళు తిరగబడాలి కదా, ఇక్కడెందుకు ఊరుకుంది? 1945లో ఓవెన్ రాసిన ఆ పత్రం ఆస్ట్రేలియాలో మాక్‌ఫర్లేన్ బర్నెట్‌నీ, ఇంగ్లండ్‌లో పీటర్ మెడవార్‌నీ ఆలోచనలో పడేసింది. మెడవార్ కవల దూడల మధ్య చర్మం మార్పిడి చేసి చూశాడు. వేరువేరు అండాల నుంచి పుట్టిన కవలలు కూడా ఒకదాని చర్మం ఇంకొకటి కిక్కురుమనకుండా ఒప్పుకున్నాయి. పుట్టకముందే పరిచయమైన కణాన్ని ఒళ్ళు తనదిగానే లెక్కేసుకుంటుంది అన్న సిద్ధాంతం అక్కణ్ణుంచి వచ్చింది. 1960లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి దక్కింది. ఇవాళ మూత్రపిండాల మార్పిడి వెనకున్న శాస్త్రానికి ఒక వేరు ఈ కవల దూడల నెత్తురులో ఉంది. ఓవెన్‌కి నోబెల్ రాకపోవడం అన్యాయమని బర్నెట్, మెడవార్‌ల మీద గౌరవం ఉన్నవాళ్ళే అంటుంటారు. నాకూ అలాగే అనిపిస్తుంది.

ఇంతా చెప్పాక ఒక మాట. చీడికాడ సాలల్లో ఖాళీగా నిలబడ్డ పశువుల్లో ఇలా పుట్టుకతో గొడ్డుపోయినవి బహు కొద్ది. మిగతావాటికి గొడ్డు అనే పేరు తొందరపడి పెట్టేసిందే. ఆ పేరు పడ్డాక పశువు సంతకి పోతుంది. ఆలమండ సంతలో చేతులు మారి ఇంకో రైతు కొట్టంలో తేలుతుంది. అసలు లోపమేదో ఎవరూ చూడనే లేదు.

ముందు గేదెల సంగతి. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 62 లక్షల గేదెలు, 46 లక్షల గోజాతి పశువులు ఉన్నాయి. మనది గేదెల రాష్ట్రం. ఆవు ఎదకొస్తే ఊరంతా తెలుస్తుంది, అరుస్తుంది, పక్కవాటి మీదికెక్కుతుంది. గేదె మాత్రం గుట్టు బయటపెట్టదు. దాన్నే మూగ ఎద అంటారు. లోపల అండం విడుదలవుతుంది, పైకి గుర్తులే ఉండవు. ఉన్నా రాత్రిపూటో తెల్లవారుజామునో కనిపించి పోతాయి. ఎద ఉండేది 12 నుంచి 24 గంటలు, మళ్ళీ రావడానికి సుమారు 21 రోజులు. పొద్దున్న పాలు పితికే మనిషి ఆ రోజు గేదె సరిగ్గా చేపలేదని విసుక్కుని ఊరుకుంటే మూడు వారాలు పోయినట్టే. ఆ చేపకపోవడమే ఒక గుర్తు. మాటిమాటికీ కాస్త కాస్త మూత్రం పొయ్యడం ఇంకో గుర్తు. ఎదలో కారే జిగురు తీగలు ఆవుకైతే తోక మీద వేలాడుతూ కనిపిస్తాయి. గేదె తీగలు అది పడుకున్నప్పుడు నేల మీద పడతాయి. అందుకే తెల్లారి గేదె లేచిన వెంటనే, పేడ ఎత్తకముందు, అది పడుకున్న చోట గుడ్డులోని తెల్లసొనలా జిగురు ఉందేమో చూడాలి. పేడ ఎత్తేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళే. ఎద కనిపెట్టే శిక్షణ ఏదైనా పెడితే మగవాళ్ళని కూర్చోబెట్టి ఉపన్యాసం ఇవ్వడం కంటే వాళ్ళకి చెబితే పని జరుగుతుంది.

పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం సూది, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున. ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర నిల్వ ఉంచిన పావు మిల్లీలీటరు గొట్టంలో సుమారు 2 కోట్ల వీర్యకణాలుంటాయి. దాన్ని గోరువెచ్చని నీళ్ళలో, 37 డిగ్రీల దగ్గర, అర నిమిషం ఉంచి వాడాలి. చేతిలో రుద్దో, చొక్కా జేబులో పెట్టో వేడిచేస్తే సగం కణాలు అక్కడే చస్తాయి. మూడుసార్లు సూది వేయించినా నిలబడని పశువుని తిరగపొర్లేది అంటారు. "డాక్టర్ బాబూ, మూడు సూదులయ్యాయి, నిలబడనేదు" అని రైతు వచ్చినప్పుడు నాలుగో సూది వెయ్యడం వైద్యం కాదు. తీగలో కొంచెం తీసుకుని, అంతే కాస్టిక్ సోడా ద్రావణం కలిపి వేడి చేసి చల్లారిస్తే పసుపు తిరుగుతుందా లేదా చూడొచ్చు. తిరిగితే గర్భసంచిలో కంటికి కనపడని చీము ఉందని అర్థం. వైట్ సైడ్ పరీక్ష అనే ఈ పనికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు, ఒక గాజు గొట్టం, స్పిరిట్ దీపం ఉంటే సరి.

అసలు ఎదకే రాని వాటిలో చాలావాటికి మందు మేతలో ఉంది. మన దగ్గర పశువు ఏడాదిలో ఎక్కువ నెలలు తినేది వరిగడ్డి, చెరకు ఆకు. రెంటిలోనూ భాస్వరం తక్కువ, మాంసకృత్తులు తక్కువ. వరిగడ్డిలో ఆక్సలేట్లు ఉండి కాల్షియాన్ని కూడా ఒంటికి పట్టనివ్వవు. అండాశయం అనేది ఒళ్ళు కుదురుగా ఉన్నప్పుడే పనిచేసే అవయవం. మేత చాలకపోతే ముందు అదే సెలవు తీసుకుంటుంది. రోజుకి 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, నట్టల మందు, కాస్త పచ్చగడ్డి పడితే రెండు మూడు నెలల్లో ఎదకొచ్చే పడ్డలు కోకొల్లలు. పెయ్య వయసు లెక్కపెట్టుకునే బదులు ఒంటి బరువు చూడాలి. సంకర జాతి పెయ్య సుమారు 250 కిలోలకి చేరితేగాని ఎదకు సిద్ధం కాదు. గేదెల విషయంలో ఋతువు కూడా ఉంది. పొద్దు తగ్గే కాలంలో, వినాయక చవితి దాటి సంక్రాంతి దాకా, గేదెలు ఎక్కువగా ఎదకొస్తాయి. ఎండాకాలంలో గెడ్డలో బురద నీళ్ళు కూడా దొరకని గేదె ఎదకు రాలేదని దాన్ని తప్పు పట్టలేం.

ఇక కట్టిన చూలు కూడా చివర్లో ఎదురు తిరగొచ్చు. ఆవుకి 280 రోజులైతే గేదెకి సుమారు 310 రోజులు. ఆ చివరి రోజుల్లో గేదెకి వచ్చే పెద్ద ఆపద గర్భసంచి మెలిపడటం. నెలలు నిండిన గేదె నొప్పులు పడుతుంది, లేస్తుంది, పడుకుంటుంది, పొట్టని తన్నుకుంటుంది, కానీ ఉమ్మనీటి సంచి కనపడదు. కాసేపటికి నొప్పులు తగ్గి ఊరుకుంటుంది. ఇంకా టైము కాలేదేమోలే అని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. లోపల మాత్రం గోనెసంచి మూతి మెలేసి పట్టుకున్నట్టు గర్భసంచి ద్వారం చుట్ట చుట్టుకుపోయి ఉంటుంది. డాక్టరు చెయ్యి పెడితే మరమేకు గాళ్ళలాంటి మడతలు వేళ్ళకి తగులుతాయి. గేదెలో ఆ మెలి ఎక్కువగా కుడివైపుకే పడుతుంది. ఎడమవైపు పెద్ద పొట్ట అడ్డుండటం, గేదె గర్భసంచిని పట్టి ఉంచే కట్లు వదులుగా ఉండటం దానికి కారణాలు.

దీన్ని విప్పే పద్ధతి చూడ్డానికి మోటుగా ఉంటుంది గానీ లెక్క చాలా సూక్ష్మం. గేదెని మెలి పడ్డ వైపుకే, అంటే కుడివైపుకి, మెత్తటి నేల మీద పడుకోబెడతారు. ముందు కాళ్ళు రెండూ కలిపి, వెనక కాళ్ళు రెండూ కలిపి కడతారు. మూడు మీటర్ల పొడుగు పలక ఒకదాన్ని పొట్ట మీద వాలుగా పెట్టి, కింది కొస నేలకి ఆనించి, దాని మీద ఒక మనిషి నిలబడతాడు. నలుగురు మనుషులు తాళ్ళు పట్టుకుని గేదెని నెమ్మదిగా అదే వైపుకి పొర్లిస్తారు. పలక బరువుకి లోపలి గర్భసంచి కదలకుండా ఉంటుంది, చుట్టూ ఉన్న ఒళ్ళు తిరుగుతుంది. ఒళ్ళు తిరిగి గర్భసంచిని అందుకున్న క్షణాన మెలి విడిపోతుంది, బిగపట్టి ఉన్న నీళ్ళు ఒక్కసారిగా బయటికొస్తాయి. ఒకసారికి కాకపోతే రెండోసారి, మూడోసారి. అప్పటికీ కాకపోతే కోసి దూడని తియ్యాల్సిందే. షాఫర్ అనే పశువైద్యుడి పేరుమీదున్న ఈ పద్ధతిని గేదెలకి తగ్గట్టు సవరించింది మన దేశపు పశువైద్యులే. ఆలస్యమయ్యేకొద్దీ దూడ దక్కదు, తర్వాత గేదె దక్కదు. నొప్పులు మొదలై నాలుగైదు గంటలైనా నీటి సంచి కనపడకపోతే 1962కి ఫోన్ చెయ్యాలి. 2022 మే నుంచి ఆ నంబరుకి సంచార పశువైద్య వాహనాలు వస్తున్నాయి. ఊళ్ళో చేతులు పెట్టి లాగేవాళ్ళు ఉంటారు. మెలిపడ్డ చోట లాగితే గర్భసంచి చిరుగుతుంది.

వీర్యం ఇచ్చే ఆంబోతు వైపు కూడా చూడాలి. ఆవు ఒక ఇంటి లోపం, ఆంబోతు జిల్లా మొత్తానికీ లోపం. విశాఖపట్నంలో ఘనీభవించిన వీర్యం తయారుచేసే ఆంబోతుల కేంద్రం ఉంది. అలాంటి కేంద్రాల్లో పెట్టే ప్రతి ఆంబోతుకీ, దున్నకీ క్రోమోజోముల పరీక్ష తప్పనిసరి. ఆవుకి 60 క్రోమోజోములు, మన నదీ జాతి గేదెకి 50. 1964లో స్వీడన్‌లో గుస్తావ్‌సన్ బృందం కొన్ని ఆవుల్లో 59 మాత్రమే లెక్కపెట్టింది. ఒకటో నంబరు, 29వ నంబరు క్రోమోజోములు అతుక్కుపోయి ఉన్నాయి. అలాంటి పశువు చూపుకి పుష్టిగానే ఉంటుంది గానీ దాని సంతానంలో చూలు నిలిచే శాతం తగ్గుతుంది. అదే స్వీడన్‌లో కొండప్రాంతపు తెల్ల ఆవుల్లో అండాశయం, ముఖ్యంగా ఎడమది, ఎదగకుండా పుట్టే లోపం ఒకప్పుడు విపరీతంగా ఉండేది. లోపమున్నవాటిని సంతానానికి వాడకుండా వరసగా ఏరేసుకుంటూ పోతే కొన్నేళ్ళలో బాగా తగ్గింది. మేకల్లో ఇంకో విచిత్రం ఉంది. సానెన్, ఆల్పైన్ జాతుల్లో బోడి పోతునీ బోడి మేకనీ కలిపితే పుట్టే ఆడపిల్లల్లో కొన్ని మగ లక్షణాలతో, సంతానం కలగకుండా ఉంటాయి. కొమ్ములు రానివ్వని జన్యు మార్పే అండాశయాన్నీ దారి తప్పిస్తుందని 2001లో ఫ్రాన్స్‌లో తేలింది. కాబట్టి జంటలో ఒకదానికైనా కొమ్ములుండేలా చూసి జత కలుపుతారు. ఊళ్ళో అచ్చోసి వదిలిన ఆంబోతుకి ఈ పరీక్షలేవీ ఉండవు. పైగా అది ఒక ఆవు నుంచి ఇంకో ఆవుకి ట్రైకోమొనాస్, కాంపైలోబాక్టర్ లాంటి సుఖరోగాల్ని మోస్తుంది. చూలు కట్టినట్టే కట్టి రెండో మూడో నెలలో జారిపోయి పశువు మళ్ళీ ఎదకొచ్చిందంటే ఆ రోగాల మీద అనుమానపడాలి.

అన్నిటికంటే జాగ్రత్తపడాల్సింది ఈసుకుపోయే రోగం, బ్రూసెల్లోసిస్. మాల్టా ద్వీపంలో జ్వరంతో చనిపోయిన బ్రిటిష్ సైనికుల ప్లీహంలో 1887లో డేవిడ్ బ్రూస్ ఒక సూక్ష్మజీవిని చూశాడు. 1897లో డెన్మార్క్ పశువైద్యుడు బెర్న్‌హార్డ్ బాంగ్ ఆవులు ఈసుకుపోవడానికి కారణమైన సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. ఆ రెండూ దగ్గరి చుట్టాలని 1918లో చెప్పింది అమెరికా శాస్త్రవేత్త ఆలిస్ ఎవాన్స్. పచ్చిపాలు తాగొద్దని ఆమె మొత్తుకుంటే పెద్దమనుషులు చాలామంది కొట్టిపారేశారు. 1922లో ప్రయోగశాలలో ఆ జబ్బు ఆమెకే అంటుకుని ఏళ్ళ తరబడి పీడించింది.

ఈ సూక్ష్మజీవికి పశువు మాయ అంటే ఎందుకంత ఇష్టమో 1960ల్లో బయటపడింది. ఆవు, మేక, గొర్రెల మాయలో ఎరిథ్రిటాల్ అనే చక్కెరలాంటి పదార్థం ఉంటుంది, దాన్ని తిని ఇది కోట్లలో పెరుగుతుంది. మాయ పాడై, ఐదో నెల దాటాక, ముఖ్యంగా ఏడు ఎనిమిది నెలల మధ్య, దూడ చచ్చి పడిపోతుంది. మాయ పడదు, గర్భసంచి కుళ్ళుతుంది, పశువు ఆ తర్వాత చాలాకాలం చూడి కట్టదు. ఆంబోతుల్లో వృషణాలు వాస్తాయి. పడిపోయిన దూడ, మాయ, ఆ నీళ్ళు, వాటినిండా సూక్ష్మజీవులే. కుక్క ఆ మాయని లాక్కెళ్ళి ఊరంతా తిప్పుతుంది. పక్క గేదె ఆ గడ్డి నాకుతుంది. ఒకసారి అంటుకున్న పశువుకి నమ్మకమైన మందు లేదు. చాలా దేశాలు అలాంటివాటిని మందలోంచి తీసేసి రోగాన్ని వదిలించుకున్నాయి. మన దగ్గర ఆ దారి ఆచరణలో కుదరదు, కాబట్టి టీకా మీదే భారమంతా.

ఆ టీకా పేరు ఎస్19. 1923లో అమెరికాలో జాన్ బక్ ఒక జెర్సీ ఆవు పాలలోంచి తీసిన సూక్ష్మజీవి ప్రయోగశాల బల్ల మీద ఏడాదికి పైగా పడి ఉండి, దాని ఉగ్రం తగ్గి, టీకాగా పనికొచ్చింది. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న పెయ్యలకీ, పడ్డలకీ జన్మలో ఒక్కసారి వేస్తారు. కోడెదూడలకి వెయ్యకూడదు, చూడి పశువులకీ వెయ్యకూడదు. 2019 సెప్టెంబరు 11న మథురలో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద గాలికుంటు టీకాతోపాటు ఇదీ ఉచితంగా వస్తోంది. బతికున్న సూక్ష్మజీవి టీకా కాబట్టి సూది గుచ్చుకుంటే వేసేవాళ్ళకే జబ్బు రావచ్చు. చేతికి తొడుగు, కళ్ళకి అద్దాలు లేకుండా ఈ టీకా వేసే సిబ్బందిని చూస్తే నాకు భయం వేస్తుంది. కానీ ఎనిమిది నెలల వయసు దాటిందంటే అవకాశం పోయినట్టే, కాబట్టి టీకా రోజున పెయ్య ఇంట్లో ఉండాలి, కొండ మీద మేతలో ఉండకూడదు.

ఈసుకుపోయిన దూడనీ మాయనీ చేతికి ప్లాస్టిక్ తొడుగు వేసుకుని తీసి, లోతుగా గొయ్యి తవ్వి, సున్నం చల్లి పూడ్చాలి. సాల కడిగిన నీళ్ళు చెరువులోకి పోకూడదు. పాలు పొంగేదాకా కాచి తాగితే ఏ భయమూ లేదు. పచ్చిపాలు, మాయ తీసిన చేతికున్న గీతలు, ఇవే మనుషుల్లోకి అది వచ్చే దారులు. వచ్చాక ఒక రకం జ్వరం, వచ్చిపోతూ ఉంటుంది. సాయంత్రాలు చెమటలు, నడుము నొప్పి, కీళ్ళ నొప్పులు, మగవాళ్ళలో ఒక్కోసారి వృషణాల వాపు. సరైన మందులు కనీసం ఆరు వారాలు వాడితే నయమవుతుంది. మన్యం అంచున ఉన్న ఈ ఊళ్ళల్లో జ్వరమంటే ఏ డాక్టరుకైనా ముందు మలేరియా, తర్వాత టైఫాయిడ్ గుర్తొస్తాయి. రెండింటికీ మందు వాడి, నెలల తరబడి తగ్గని జ్వరంతో ఆసుపత్రి బల్ల మీద కూర్చున్న రైతు, తన గేదె మొన్న ఏడో నెలలో ఈసుకుపోయిందనీ, మాయ తన చేత్తోనే తీశాననీ డాక్టరుకి తానుగా చెప్పాలి. అడగాలని డాక్టరుకి తోచకపోవచ్చు. ఆ ఒక్క మాట వింటే బ్రూసెల్లా పరీక్ష రాయడానికి ఆయనకి నిమిషం పట్టదు.